ఫ్రీ అంటే ఏంది సామీ?

తిరుపతిలో బస్సు దిగిన పొరుగూరి మనిషికి అన్నిటికంటే ముందు ‘ఫ్రీ’ అనే మాటకు నిఘంటువు చేతికివ్వాలి. ఆ పని ఏ శాఖా తలకెత్తుకోలేదు గనక, ప్రజాహితం కోరి ఇక్కడ నమోదు చేస్తున్నాం.

మొదటి అర్థం: డబ్బు తీసుకోరు, పొద్దు తీసుకుంటారు. భూదేవి కాంప్లెక్స్, శ్రీనివాసం, విష్ణునివాసంలో ఇచ్చే సర్వదర్శనం టోకెన్ ఈ కోవలోది. ఆధార్ కార్డు ఉండాల. కోటా అయిపోతే ఆపైన నేరుగా కొండమీద క్యూలో కూర్చోవడమే. దర్శనమయ్యాక ఒక చిన్న లడ్డు ఫ్రీ. పక్కింటికి పంచాలంటే ఒక్కోటి 50 రూపాయలు. అంటే పక్కింటివాళ్లు ఫ్రీ కాదు.

ఆటో స్టాండులో అర్థం మారుతుంది. “ఫ్రీగానే ఉండా సామీ, రాండి” అంటే బండి ఖాళీ అని. బాడుగ ఎక్కకముందే మాట్లాడుకోవాల. షుగర్ ఫ్రీ పాలకోవాలో చక్కెర వెయ్యని మాట నిజమే. పాలలో ఉన్న లాక్టోజ్‌ను మాత్రం ఎవరూ బయటికి పంపలేదు. సిగ్నల్ దగ్గర ఆగకుండా ఎడమకు తిరగమనే ఫ్రీ లెఫ్ట్ సంగతి దానికి అడ్డంగా నిలబెట్టిన బండ్లనే అడగాల.

మెకానిక్ షెడ్డులో ఫ్రీ కొలతకు దొరుకుతుంది. మామూలు 100, 125 సీసీ బండికి క్లచ్ లివర్ కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఫ్రీ, అంటే క్లచ్ పనిచేయకముందు లివర్ ఊరికే కదిలే వదులు, ఉండాల. తగ్గితే క్లచ్ జారి ప్లేట్లు అరుగుతాయి, పెరిగితే గేరు మొరాయిస్తుంది. ఆయనే నట్టు పట్టుకుని “ఇది ఫ్రీ అయిపాయ” అంటే థ్రెడ్డు పోయిందని, ఎంత తిప్పినా బిగియదని. మొదటి ఫ్రీని సరిచేసి ఇస్తాడు, రెండోదానికి బిల్లు రాస్తాడు.

ఇక ఈ శాస్త్రంలో పండితులంతా కనపడేది కొండ దిగేటప్పుడు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో న్యూట్రల్ చేసి ‘ఫ్రీగా’ వదిలేస్తారు. పెట్రోలు మిగులుతుందని లెక్క. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఈ లెక్క తలకిందులు: గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజనుకు పెట్రోలు దాదాపు ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఆగకుండా తాగుతూనే ఉంటుంది. పైగా ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. చక్రంలోని బ్రేకు డ్రమ్ము కాలుతుంది, దాన్ని ఒరిసి ఆపే లైనింగ్ పట్టు వదులుతుంది. మలుపు దగ్గరికొచ్చేసరికి బ్రేకు కూడా ఫ్రీ.

అలిపిరి చేరాక కాలే డ్రమ్ము మీద నీళ్లు పోసే మహానుభావులున్నారు. అది వంకరపోతే షోరూములో ఫ్రీ సర్వీసు కార్డు చూపించవచ్చు. లేబర్ ఫ్రీ, ఆయిలుకు, సామాన్లకు, డ్రమ్ముకు డబ్బులు కట్టాల.