లీవు బ్యాలెన్స్ ఎంతుందో చూసుకున్నారా?

అమెరికాలో మన పాట్‌లక్కుల్లో (తలా ఒక వంటకం తెచ్చుకునే విందుల్లో) ఎవరు ఏ కారు కొన్నారో, కోకాపేటలో చదరపు అడుగు ఎంత పలుకుతోందో అందరికీ తెలుసు. ఎవరికెన్ని రోజుల సెలవు మిగిలిందో మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే అసలు లగ్జరీ అదే, ల్యాప్‌టాప్ తెరవకుండా గడిపే నాలుగు వారాలు.

ఈ దేశంలో అది డబ్బున్నా దొరకడం కష్టం. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టంలో కనీస వేతనం ఉంది, ఓవర్‌టైమ్ ఉంది, జీతంతో సెలవు ఇచ్చి తీరాలన్న మాట లేదు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు చట్టప్రకారమే ఏడాదికి 5.6 వారాలు వస్తుంది, మనకు కంపెనీ దయ. 1993లో వచ్చిన ఎఫ్‌ఎంఎల్‌ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద, అర్హత ఉంటే, తల్లికో తండ్రికో తీవ్రంగా జబ్బు చేసినప్పుడు 12 వారాల దాకా సెలవు పెట్టొచ్చు, అదీ జీతం లేకుండా. అత్తమామలు ఆ లెక్కలోకి రారు (ఈ ముక్క చాలామంది అల్లుళ్ళకీ కోడళ్ళకీ అవసరం వచ్చినప్పుడే తెలుస్తుంది).

ఇక ఏడాదికి ఇన్ని రోజులని లెక్క పెట్టకుండా కొన్ని కంపెనీలిచ్చే "అన్‌లిమిటెడ్" సెలవు సంగతి. కాలిఫోర్నియాలో పోగైన సెలవంటే జీతం కిందే లెక్క, ఉద్యోగం మానేస్తే కంపెనీ డబ్బు కట్టాలి. అన్‌లిమిటెడ్ అంటే మామూలుగా పోగయ్యేదేమీ ఉండదు, కాబట్టి కట్టేదీ ఉండదు. పైగా ఎంత తీసుకుంటే ఎక్కువో తెలియక మనమే తక్కువ తీసుకుంటాం.

హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళని నేనేమీ అనను. ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి చూసుకోవాలన్న టెన్షన్ నెత్తిమీద ఉన్నప్పుడు మేనేజర్‌ని నెల సెలవెలా అడుగుతారు? నా గొడవంతా గ్రీన్ కార్డులూ పాస్‌పోర్టులూ వచ్చేశాక కూడా అదే భయంతో బతికే మనలాంటివాళ్ళతోనే. గాలన్‌కు నాలుగు సెంట్లు మిగులుతాయని కాస్ట్‌కో బంకులో అరగంట నిలబడతాం, అమ్మతో ఫోన్ మాత్రం డ్రైవింగ్‌లోనే.

ఇండియా ట్రిప్పు మాత్రం ఏమంత గొప్పగా జరుగుతుంది? ఉన్న మూడు వారాల్లో జెట్‌లాగ్, బ్యాంకులో కేవైసీ, పళ్ళ డాక్టరు, ఫ్లాట్ రిజిస్ట్రేషన్, ఎవరూ నొచ్చుకోకుండా ప్రతి ఇంటికీ వెళ్ళి కాఫీ తాగి రావడం. "ఏం వండమంటావురా?" అని అమ్మ అడిగితే "ఇవాళ బయట తింటాంలేమ్మా" అంటాం. పోనీ వాళ్ళనే ఇక్కడికి రప్పిస్తే, ఆరు నెలలూ పగలంతా ఇద్దరే టీవీ ముందు కూర్చుంటారు, శనివారం వస్తే నయాగరా చూపించి ఫోటోలు పెడతాం.

అందుకే డిసెంబరు టికెట్లు కొనకముందే ఇంకో రెండు వారాలు అడగండి, ఆ రెండు వారాల్లో ఏ పనీ పెట్టుకోకండి. కుదరదంటే జీతం లేకుండా ఇమ్మనండి. రెండు వారాల జీతం పోతుంది, నిజమే. బేస్‌మెంట్లో హోమ్ థియేటర్‌కి మనం అంతకంటే ఎక్కువే పెడుతున్నాం, అందులో సినిమా చూసే తీరిక ఎంతమందికి ఉందో మీకే తెలుసు.