మరియొక చోట వ్రాయబడియున్నది

మల్కాజ్‌గిరిలో మా చర్చి మేడ మీద శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీస్ జరుగుతుంది. ఈ మాటలు అక్కడివే. అక్క ముప్ఫై ఏళ్లుగా సండే స్కూల్ చెబుతున్న మనిషి, తమ్ముడు ఆదివారం ఆరాధన నడిపించే కుర్రాడు. ఒక్క పూటలో జరిగిన వాదన కాదిది. చాలాసార్లు, చాలామంది దగ్గర విన్నవన్నీ తెచ్చి ఈ ఇద్దరి నోట పెట్టాను. నేను అక్క వైపే, అది ముందే చెబుతున్నాను, అయినా తమ్ముడు అడిగినవాటిలో నాకు వెంటనే జవాబు తోచనివి ఉన్నాయి, వాటినీ ఉంచాను. గొడవ కొత్తగా తెచ్చిన ఒక పాట గురించి. పల్లవిలో "నా గడప తొక్కదు ఏ రోగం, నా ఇంట నిలవదు ఏ శోకం" అని ఉంది.

అక్క: తమ్ముడూ, రేపు ఈ పాట పాడొద్దు.

తమ్ముడు: ఎందుకక్కా? రెండు వారాలుగా ప్రాక్టీస్ చేస్తున్నాం, స్లైడ్లు కూడా రెడీ. ట్యూన్ నచ్చలేదా?

అక్క: ట్యూన్ బాగుంది. పల్లవి వాక్యంలో, అంటే బైబిల్లో, లేదు.

తమ్ముడు: లేదా? మీరే సండే స్కూల్లో కంఠస్థం చేయించారు కదక్కా మాకు, 91వ కీర్తన పదో వచనం. "ఏ తెగులును నీ గుడారమును సమీపించదు." గుడారం అంటే ఇల్లు, తెగులు అంటే రోగం. రాసినవాళ్లు దాన్ని ఇప్పటి తెలుగులో పెట్టారు, అంతే. అక్షరం కూడా పోలేదు. ఇది వాక్యం కాకపోతే ఇంకేది వాక్యం?

అక్క: ఆ కీర్తననే సాతాను యేసు ప్రభువుకి కూడా అప్పజెప్పాడు, గుర్తుందా? దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు నిన్ను చేతుల్లో ఎత్తుకుంటారని రాసి ఉంది కదా అన్నాడు. అది ఈ 91వ కీర్తనే, 11, 12 వచనాలు, నీ పల్లవి ఉన్న చోటికి ఒక్క అడుగు కింద. వాడు చెప్పిన మాట బైబిల్లో ఉన్నదే. ఆయన దానికి ఏమన్నాడు? "మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు. నేను అడిగేదీ అదే. ఒక వచనం దొరికింది కదా అని పాట కట్టేసి ఊరుకోవద్దు, మరో చోట ఏం రాసుందో కూడా చూడు. మరో పుస్తకం దాకా కూడా వెళ్లక్కర్లేదు, అదే కీర్తన 15వ వచనానికి రా. "శ్రమలో నేనతనికి తోడైయుండెదను." శ్రమే గడప తొక్కకపోతే శ్రమలో తోడుండడం ఎక్కడిది?

తమ్ముడు: పాట అంటే కవిత్వం అక్కా. 98వ కీర్తనలో నదులు చప్పట్లు కొట్టాలని ఉంది. నదులకి చేతులున్నాయా అని ఎవరైనా అడిగారా? మీలా గీత గీసి కొలిస్తే దావీదు పాటలు కూడా సగం తీసెయ్యాలి.

అక్క: నదులు చప్పట్లు కొడతాయంటే అది పోలికని చిన్నపిల్లకి కూడా తెలుసు. దాన్ని నమ్ముకుని మూసీ ఒడ్డున చప్పుడు కోసం ఎవరూ కూర్చోరు. ఇది పోలిక కాదు, దేవుడి పేరు మీద ఇస్తున్న మాట. జనం నమ్ముతారు.

తమ్ముడు: నమ్మితే తప్పేంటి? మన చర్చికి వచ్చేవాళ్లు ఎవరు? ఉప్పల్ నుంచి మన ఆటో అన్న వస్తాడు, రాత్రంతా బండి నడిపి, నిద్ర లేకుండా నేరుగా ఆరాధనకి. ఇళ్లలో పని చేసుకునే అక్కలు వస్తారు. ఫైనాన్స్ వాళ్లు ఫోన్ చేస్తారేమోనని టెన్షన్‌తో ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని కూర్చుంటారు. వారానికి వాళ్లకి దొరికేది ఆ రెండు గంటలే. అందులో కూడా నీకు కష్టాలుంటాయి, ఓర్చుకో అని పాడమంటారా? ఆ మాట వాళ్లకి తెలియదా? పాట పాడినంతసేపైనా ధైర్యం రానివ్వండి.

అక్క: ధైర్యం కావాలి, కాదనను. కానీ ధైర్యం చెప్పే మాటలన్నీ దేవుడివి కావు. యిర్మీయా 28వ అధ్యాయం తీయి. హనన్యా అని ఒక ప్రవక్త దేవాలయంలో అందరి ముందు నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, పట్టుకుపోయిన పాత్రలు, మనుషులు తిరిగి వస్తారని చెప్పాడు. ఎంత మంచి మాట! యిర్మీయా కూడా ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు, ఆ మనిషికి తన జనం మీద ఉన్న ప్రేమ అలాంటిది. బబులోనుకి లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడకి వేసుకున్న కాడిని హనన్యా తీసి అందరూ చూస్తుండగా విరిచాడు. ఇవాళైతే ఆ మాటకి కీబోర్డ్ పెంచేవాళ్లం, చప్పట్లు కొట్టేవాళ్లం. కానీ దేవుడు చెప్పిన లెక్క 70 ఏళ్లు. రెండేళ్ల మాట నమ్మి మూటలు సర్దుకుని కూర్చున్నవాడి సంగతి ఏంటి? అందుకే 29లో, బబులోనుకి చెరపట్టి తీసుకెళ్లినవాళ్లకి యిర్మీయా ఉత్తరం వెళ్లింది, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని. మనం క్యాలెండర్ల మీద అచ్చు వేసుకునే 11వ వచనం, అదే, సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అన్నది, ఆ ఉత్తరంలోదే. దానికి సరిగ్గా పై వచనంలో 70 ఏళ్లని ఉంది. ఆ మాట విన్న పెద్దవాళ్లలో ఎంతోమంది బబులోనులోనే చనిపోయి ఉంటారు. అయినా అది వాళ్లకి నిరీక్షణే. నీ పాట రెండో చరణంలో "ఈ నెలలోనే నా విడుదల" అని ఉంది చూడు. ఆ నెల ఎవరు చెప్పారు నీకు?

తమ్ముడు: నేను రాయలేదక్కా, పాడుతున్నాను.

అక్క: పాడేవాడు బోధించేవాడే. కొలస్సీ 3:16లో కీర్తనలతో ఒకరికి ఒకరు బోధించుకోమని ఉంది. ప్రసంగం సోమవారానికి మరిచిపోతారు, పాట వంటింట్లో కూడా నోట్లో ఆడుతుంది. నాలుగో శతాబ్దంలో అరియస్ క్రీస్తు సృష్టించబడినవాడన్న తన బోధని పాటలుగా కట్టి జనంలోకి పంపాడు. 325లో నికయలో సభ కూడి అతని బోధ తప్పని తేల్చినా అది అంత తొందరగా పోలేదు.

తమ్ముడు: అంటే నన్ను అరియస్ అంటున్నారా? పాటతోనే కదా లూథర్ కూడా వాక్యాన్ని ఇంటింటికీ పంపాడు, 1524లోనే పాటల పుస్తకాలు అచ్చు వేయించి. సరే, ఒకటి అడుగుతాను. చర్చి పాటల పుస్తకంలోని పాత కీర్తనలు మంచివి, వాటిలో వాక్యం ఉంది అంటారు. మాకు నేర్పింది ఎవరు? బీరువాలో ఆ పుస్తకాలు ముప్ఫై ఉన్నాయి, అట్టలు ఊడిపోయి. ప్రతి పాట పైన రాగం, తాళం అని అచ్చు వేసి ఉంటుంది. ఆ రాగం ఇలా ఉంటుందని పాడి చూపించినవాళ్లు ఒక్కరున్నారా మన చర్చిలో? పెద్దవాళ్లు వాళ్లలో వాళ్లు పాడుకుని ఇంటికి వెళ్లిపోయారు. మేం యూట్యూబ్ చూసి నేర్చుకున్నాం. ఇప్పుడు వచ్చి తప్పు పాడుతున్నారంటారు. రిథమ్ ప్యాడ్ కొన్నప్పుడు కూడా ఇంతే, సౌండ్ ఎక్కువైందన్నారు గానీ డబ్బులు తక్కువైతే ఒక్కరూ అడగలేదు.

అక్క: ప్యాడ్ సంగతి ఇప్పుడెందుకు?

తమ్ముడు: ఎందుకంటే మీరంతా మా దగ్గరికి వచ్చేది ఆపడానికే. నేర్పడానికి రారు.

అక్క: అది నిజం. నాకు వచ్చిన పాటలు కూడా నేను నేర్పలేదు. ఆ తప్పు మాది.

(ఇక్కడ అక్కతో ఇంకేదో చెప్పించాలని చూశాను, రాలేదు. తమ్ముడు అన్నది మా సంఘంలో నేను కళ్లారా చూసిందే.)

తమ్ముడు: ఇంకొకటి. ఈ కాలం పాటల్లో అన్నీ "నేను, నా" అని మొన్న మీటింగులో ఒక పెద్దాయన అన్నారు. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు." అందులో ఎన్ని "నా"లున్నాయి?

అక్క: ఆయన మాట నేను ఒప్పుకోను. "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" కూడా "నా"యే. "నేను" ఉండడం తప్పు కాదు. నీ పాటలో ఉన్న "నేను"కి ఎప్పుడూ జబ్బు చేయదు, అప్పు ఉండదు, ఏడుపు రాదు. కీర్తనల్లో "నేను" అలా ఉంటుందా? 88వ కీర్తన చదువు. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను." అక్కడితో ఆగిపోతుంది, కింద హల్లెలూయా కూడా లేదు. పైన చూడు, ప్రధాన గాయకునికి అని ఉంటుంది. అంటే నీలాంటివాడికి ఇచ్చారు, అందరి చేత పాడించమని.

తమ్ముడు: మరి మత్తయి 8:17? "మన రోగములను భరించెను." మత్తయి ఆ మాట తీసుకున్న యెషయా 53 పాపం గురించే, రోగం గురించి కాదని మీరు చెబుతారని నాకు తెలుసు. కానీ మత్తయి ఆ మాటని యేసు రోగుల్ని బాగుచేసిన చోట పెట్టాడు. వచ్చిన రోగులందరినీ బాగుచేశాడని పై వచనంలోనే ఉంది. దీనికేమంటారు?

అక్క: మత్తయి రాసింది రాసినట్టే నమ్ముతాను. ప్రభువు ఇవాళ కూడా బాగుచేస్తాడు. యాకోబు చెప్పినట్టు పెద్దల్ని పిలిచి నూనె రాసి ప్రార్థన చేద్దాం, నేను ముందు మోకరిస్తాను. కానీ పౌలు త్రోఫిమును జబ్బుతో మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. అతనికి విశ్వాసం లేదని రాశాడా? తన శరీరంలో ముల్లులా ఉన్న బాధ తీయమని పౌలే మూడుసార్లు అడిగితే "నా కృప నీకు చాలును" అని వచ్చింది జవాబు.

తమ్ముడు: అది పౌలుకి ఒక్కడికి వచ్చిన జవాబు. మత్తయి చెప్పింది అందరికీ. నా ప్రశ్న అలాగే ఉంది.

అక్క: ఉండనీ. నేను ఈ పాట ఆపమంటున్నది ఎందుకో చెబుతా, విను. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునే చెల్లెమ్మ తెలుసుగా. రెండేళ్లు వాళ్లాయన్ని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తిప్పింది. మనం ఇలాంటిదే ఇంకో పాట పాడుతుండేవాళ్లం, ఆమె కళ్లు మూసుకుని చేతులెత్తి పాడేది. ఆయన పోయాక నలభై రోజులకి మళ్లీ వచ్చింది. అదే పాట ఎత్తుకున్నావు నువ్వు, నీకు తెలియదులే. నేను ఆమె పక్కనే ఉన్నా. మొదటి లైనుకి నోరు తెరిచింది, రెండో లైనుకి మూసుకుంది. బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ పాట అయిపోయేదాకా నిలబడింది. బయటికొచ్చాక మెట్ల దగ్గర, "నా ఇంట్లోకి వచ్చింది కదక్కా, అంటే నాకు విశ్వాసం చాల్లేదనేగా" అంది. ఆ మాట ఆమెకి ఏ పాస్టర్ గారూ చెప్పలేదు. పాట చెప్పింది. దేవుడు ఇవ్వని మాటని ఇచ్చాడని పాడితే, అది జరగని రోజు ఆమె దేవుణ్ణైనా తప్పు పట్టాలి, తన్నైనా తప్పు పట్టుకోవాలి. మంచి మనిషి కాబట్టి తన్నే పట్టుకుంది.

తమ్ముడు: నాకెందుకు చెప్పలేదు?

అక్క: ఇప్పుడు చెబుతున్నా.

తమ్ముడు: ఆమె రేపు వస్తుందా?

అక్క: వస్తుంది.

తమ్ముడు: ఇప్పుడు ఏం చేయమంటారు? పాటంతా తీసేస్తే రేపటికి నా దగ్గర వేరేది లేదు.

అక్క: తీయొద్దు. బైబిల్ ఇటు పెట్టు. ప్రతి లైను పక్కన అది ఎక్కడుందో పెన్సిల్‌తో రాయి, ఆ చోటికి పైన ఐదు వచనాలు, కింద ఐదు చదువు. పౌలు చెప్పిందే బెరయవాళ్లు ప్రతిరోజూ లేఖనాలు తీసి అవునో కాదో చూసుకున్నారు. మనం పాటకి ఒక గంట ఇవ్వలేమా? పల్లవిలో "ఏ శోకం" ఉన్న చోట 15వ వచనం పెట్టు.

తమ్ముడు: "శ్రమలో నేనతనికి తోడైయుండెదను" ఈ తాళంలో పట్టదు.

అక్క: "నా శ్రమలో నువ్వు తోడుంటావు" అను.

తమ్ముడు: (బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ) నా శ్రమలో... ఒక అక్షరం మిగిలిపోతోంది. "నా శ్రమలో నువు తోడుంటావు." ఆఁ, పడింది. రెండో చరణంలో "ఈ నెలలోనే" కూడా తీసేస్తాను. కానీ అక్కా, స్వస్థత చరణం తీయను. మత్తయి 8 నా వైపే ఉంది.

అక్క: తీయకు. దాన్ని ప్రార్థనలా మార్చగలవేమో చూడు, నన్ను ముట్టు ప్రభువా అన్నట్టు. లేదంటే వచ్చే శనివారం అధ్యాయమంతా చదివి రా, నేనూ చదివి వస్తా. వచ్చేటప్పుడు బీరువాలోంచి ఆ పుస్తకం ఒకటి తీసి పెట్టు, నాకు వచ్చిన పాటలు ఐదో ఆరో ఉన్నాయి.

తమ్ముడు: ఆరింటికి రండి. ప్రాక్టీస్ ఏడింటికి.