డెబ్బై గేట్ల బ్యారేజీ

(విజయవాడ, సత్యనారాయణపురం. రెండో అంతస్తు వాటా. దసరా పాడ్యమికి ఇంకా పన్నెండు రోజులుంది. హాలు నిండా అట్టపెట్టెలు, పాత పేపర్లు. కామేశ్వరి బొమ్మల కొలువు కట్టే పనిలో ఉంది. విశ్వనాథం ఇరిగేషన్ ఆఫీసులో రిటైరయ్యాడు కాబట్టి సలహాలిచ్చే పనిలో ఉన్నాడు.)

విశ్వనాథం: ఇదిగో, మూడు మెట్లన్నావు, మూడు పెట్టెలు తెచ్చాను. బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టతను ఊరికే ఇచ్చాడు. ఇక నన్నేమీ అనకు.

కామేశ్వరి: మూడు మెట్లకి మూడు పెట్టెలేంటండీ? రెండో మెట్టు కింద ఏముంటుంది? గాలా?

విశ్వనాథం: ...

కామేశ్వరి: మొదటి మెట్టుకి ఒక వరస. రెండో మెట్టుకి ఒకదాని మీద ఒకటి రెండు. మూడో మెట్టుకి మూడు. అక్కడికే ఆరయ్యాయి. పెట్టె పొడవు రెండడుగులు, మన కొలువు నాలుగడుగులు. ఆరు రెళ్ళు పన్నెండు.

విశ్వనాథం: పన్నెండు పెట్టెలకి మళ్ళీ ఆ కొట్టుకెళితే అతను నన్ను పాత అట్టలు ఏరుకునేవాడనుకుంటాడే!

కామేశ్వరి: ఇప్పుడు మాత్రం ఏమనుకున్నాడంటారు? సరే, పన్నెండక్కర్లేదు. వరండాలో బెంచీ ఉందిగా, పదహారు అంగుళాల ఎత్తు. పెట్టె ఎనిమిది. అంటే బెంచీ రెండు పెట్టెల పెట్టు. వెనక వరసకి బెంచీ వేసి దానిమీద రెండు పెట్టెలు పెడదాం. ముందు రెండు, మధ్య నాలుగు, వెనక రెండు. ఇంకో ఐదు తెస్తే చాలు. అన్నీ ఇదే కొలతవి తేవాలి. ఒకటి సబ్బులది, ఒకటి బిస్కెట్లది తెచ్చారంటే మెట్టు ఎగుడుదిగుడై మరపాచి చెక్కబొమ్మలు దొర్లుతాయి.

(విశ్వనాథం ఒక పెట్టెని పక్కకి పడుకోబెట్టి, ఆలోచించడానికి దానిమీద కూర్చున్నాడు. పెట్టె కూడా కూర్చుంది.)

విశ్వనాథం: నాసిరకం పెట్టె!

కామేశ్వరి: పెట్టెననకండి. లేచి ఆ చిరిగిన అంచు చూడండి. రెండు అట్టల మధ్య గొట్టాల వరస కనపడుతోందా? అవి నిలబడి ఉంటే బరువు మోస్తాయి. మీరు పక్కకి తిప్పారు, గొట్టాలు అడ్డం పడ్డాయి, మీ బరువుకి నలిగాయి. పెట్టె కొట్లో ఎలా నిలబడి ఉందో ఇక్కడా అలాగే నిలబెట్టాలి. పైగా మూత తెరిచి పెట్టి కూర్చున్నారు. నాలుగు రెక్కలూ మూసి, మధ్య గీత మీద ఒక టేపు, రెండు చివర్లా అడ్డంగా ఒక్కో టేపు, అడుగునా అంతే. టేపు వేసే ముందు పొడిగుడ్డతో దుమ్ము తుడవండి. దుమ్ము మీద వేసిన టేపు సాయంత్రానికి లేచొస్తుంది.

విశ్వనాథం: లోపల ఏమైనా కుక్కాలా?

కామేశ్వరి: పేపరు కట్టలు. పెట్టె బలమంతా అంచుల్లోనూ మూలల్లోనూ ఉంటుంది, నడిమధ్యన ఏమీ ఉండదు. మట్టి బొమ్మ మధ్యలో పెడితే మూత లోపలికి పోతుంది. అందుకని లోపల మూతకి తగిలేదాకా కట్టలు పేర్చి, పైన మెట్టు పొడవునా రెండు వరసల అట్ట పరిచి, అప్పుడు దుప్పటి. దుప్పటికి గుండుసూదులు పక్కల నించి గుచ్చండి, పైనించి కాదు. పోయినేడు కలశం పెడుతూ నా వేలు...

విశ్వనాథం: తెలుసు, తెలుసు. పోయినేడు సంగతి వదిలేయ్. ఈ ఏడు కింద ఏం పెడదాం? పార్కూ కోతీ వద్దు, ప్రతి ఇంట్లోనూ అదే.

కామేశ్వరి: ఒకపక్క ఇంద్రకీలాద్రి, దాని కింద కృష్ణ, బ్యారేజీ.

(ఈ మాట అనడం కామేశ్వరి చేసిన పొరపాటు. విశ్వనాథం కళ్ళజోడు సర్దుకున్నాడు.)

విశ్వనాథం: ప్రకాశం బ్యారేజీ! 1855లో కట్టిన పాత ఆనకట్టకి 1952లో గండిపడింది. 1957కి ఇప్పటి బ్యారేజీ లేచింది. పొడవు 1223.5 మీటర్లు. గేట్లు 70. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు. వెయ్యో వంతున సరిగ్గా సరిపోతుంది! గేట్లకి అగ్గిపెట్టెలు. లోపలి అర జారుతుంది కదా, అదే గేటు! నిలబెట్టి అర పైకి లాగామంటే గేటెత్తినట్టే. ఎలా ఉంది?

కామేశ్వరి: అర సంగతి బాగుంది. నిజంగా బాగుంది. డెబ్బై సంగతే బాగాలేదు.

విశ్వనాథం: 70 అంటే 70. ఒక్క గేటు తగ్గినా మా ఆఫీసులో ఎవరూ...

కామేశ్వరి: అగ్గిపెట్టె వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు. డెబ్బై మూడున్నరలు 245. ఎనిమిదడుగులు. హాలు దాటి, వంటిల్లు దాటి, పక్కవాళ్ళింట్లో తేలుతుంది మీ బ్యారేజీ అవతలి సీతానగరం గట్టు. పైగా డెబ్బై పెట్టెలు కొంటే రెండేసి రూపాయల చొప్పున నూట నలభై. ఆ పుల్లలన్నీ ఎక్కడ పోస్తారు? మరచెంబులోనా?

విశ్వనాథం: సగం చేద్దాం. 35.

కామేశ్వరి: దానికీ నాలుగడుగులు చాలవు. కొండకి చోటేదీ? ఐదింట ఒకటి. పద్నాలుగు గేట్లు. మధ్యలో సెంటీమీటరు వెడల్పున అట్ట స్తంభాలు, అటు చివరా ఇటు చివరా కలిపి పదిహేను. మొత్తం 64 సెంటీమీటర్లు. ఖాళీ అగ్గిపెట్టెలు పూజగదిలో పది ఉన్నాయి.

విశ్వనాథం: ఐదింట ఒకటి... లెక్క ప్రకారమే తగ్గించావు కాబట్టి ఒప్పుకుంటున్నాను. అయితే ముందు అగ్గిపెట్టెలకి బూడిద రంగు కాగితం అంటించేస్తా.

కామేశ్వరి: ఆగండి! తడి జిగురు పూస్తే అట్ట ఉబ్బి అరని పట్టేసుకుంటుంది. ఆరాక లాగితే అర ఊడిరాదు, చిరుగుతుంది. అరకీ తొడుగుకీ మధ్య పోస్టుకార్డు ముక్క ఒకటి దూర్చి అప్పుడు అంటించండి. ఆరాక ముక్క లాగేస్తే ఆ సందులో అర హాయిగా జారుతుంది. జిగురు వేలితో పల్చగా, అంచులకి మాత్రమే.

విశ్వనాథం: మరి గేట్లన్నీ ఒక్కసారే ఎత్తాలంటే?

కామేశ్వరి: అటక మీద విరిగిన గొడుగుంది. బట్ట తీసేసి కాడ బ్యారేజీ పైన అడ్డంగా పెట్టండి. ఒక్కో అరకి పైఅంచున దారం కట్టి కాడకి చుట్టండి. ఇనుము నున్నగా ఉంటుంది, దారం జారి అక్కడికక్కడే తిరుగుతుంది. అందుకని ముందు కాడకి కాగితం టేపు చుట్టి, దాని మీద దారం, దారం మీద మళ్ళీ టేపు. గేట్లన్నీ మూసి ఉన్నప్పుడే దారాలు కట్టాలి. లేకపోతే ఒకటి ముందు లేస్తుంది, ఒకటి లేవదు.

విశ్వనాథం: కాడ లావు ఒక సెంటీమీటరుంటుంది. ఒక్క చుట్టు తిప్పితే మూడు సెంటీమీటర్ల పైచిలుకు లేస్తుంది. అర ఐదు సెంటీమీటర్లు. ఒక్క చుట్టుతో ఆపితే ఊడిరాదు. కాడ అంతకుమించి తిరక్కుండా అడ్డు పెడతా! (ఆగి) దింపడం ఎలా? దారం లాగుతుంది కానీ తొయ్యదుగా.

కామేశ్వరి: ఉత్త అర తేలిక, తనంతట తను దిగదు. ప్రతి అరలో ఒక రూపాయి బిళ్ళ అంటించండి.

విశ్వనాథం: పద్నాలుగు రూపాయలా!

కామేశ్వరి: నూట నలభై ఖర్చు పెడతానన్నవారు మీరే కదండీ. అంత బాధైతే పాత బోల్టు నట్లు వెయ్యండి. కానీ బిళ్ళైనా నట్టైనా ముందు అట్ట ముక్కకి దారంతో కట్టి, ఆ ముక్కని అరలో అంటించండి. నేరుగా అంటిస్తే ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఇనుముని సరిగ్గా పట్టుకోదు. అందులో నీరు ఆవిరి కావాలి, ఇనుమూ ప్లాస్టిక్కూ ఆ నీటిని పీల్చవు. దారంతో కట్టేస్తే ఖాయం. ఇంక నది. నిజం నీళ్ళు పొయ్యకండి. అట్ట తడిసి మెత్తబడిపోతుంది. నీలం పాలిథిన్ కవరు నలిపి పరవండి, దీపం వెలుగుకి అలలు కనపడతాయి.

విశ్వనాథం: అయితే కొండ నేను చేస్తా. పేపర్లు నానబెట్టి గుజ్జు చేసి ఒక ముద్ద కొండంత...

కామేశ్వరి: కొండంత ముద్ద పెడితే కొండంత బూజు పడుతుంది. మీకు తెలియదా, దసరా అంటే ఈ ఊళ్ళో ఎండా ఉంటుంది, వానా ఉంటుంది, కృష్ణ పక్కన చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. ముద్ద పైన గట్టిపడుతుంది, లోపల తడి అలాగే ఉండి కంపు కొడుతుంది. అమ్మవారి గుడి ముందు ఆ వాసనేంటండీ.

విశ్వనాథం: అయితే?

కామేశ్వరి: లోపల డొల్ల. ఒక అట్ట పలక మీద పేపరు ఉండలు ఎత్తూ పల్లంగా పేర్చి టేపుతో బిగించండి. దానిమీద రెండు వేళ్ళ వెడల్పు పేపరు ముక్కలు జిగురులో ముంచి, ముంచాక రెండు వేళ్ళ మధ్య లాగి ఎక్కువ జిగురు పిండేసి, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా అంటించాలి. మొదటి పొర నిలువుగా, రెండోది అడ్డంగా, మూడోది ఏటవాలుగా. ముక్కలు కత్తెరతో కొయ్యకండి, చింపండి. చింపిన అంచుకి నూగు ఉంటుంది, పక్క ముక్కలో కలిసిపోతుంది. కోసిన అంచు గీతలా కనపడుతుంది.

విశ్వనాథం: ఎక్కడ పొర వేశామో ఎక్కడ వెయ్యలేదో తెలిసేదెలా? అంతా పేపరే కదా.

కామేశ్వరి: ఒక పొర తెలుగు పేపరు, రెండో పొర ఇంగ్లీషు పేపరు, మూడోది మళ్ళీ తెలుగు. ఇంగ్లీషు కనపడిందంటే అక్కడ మూడో పొర పడలేదన్నమాట.

విశ్వనాథం: (లేచి నిలబడి) ఇంగ్లీషు పేపరు మానెయ్యమని ఎన్నాళ్ళుగా పోరుతున్నావు? చూశావా, దేనికి పనికొచ్చిందో!

కామేశ్వరి: చదవడానికి తప్ప అన్నిటికీ పనికొస్తుంది. జిగురు చెబుతున్నాను, వినండి. కప్పు మైదా, కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. ఇంకో గిన్నెలో మూడు కప్పుల నీళ్ళు మరుగుతూ ఉండాలి. అందులో పోసి మూడు నాలుగు నిమిషాలు గరిటె ఆపకుండా తిప్పితే తెల్లదనం పోయి నిగనిగలాడుతుంది. అప్పుడు దించి చెంచా ఉప్పు. పుస్తకాలు కుట్టేవాళ్ళు పురుగు పట్టకుండా మైలతుత్తం వేస్తారు కానీ అది విషం. పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు. రెండు రోజులకి మించి ఈ జిగురు ఉండదు. ఫ్రిజ్‌లో పెడితే గిన్నె మీద చీటీ అంటించండి.

విశ్వనాథం: చీటీ ఎందుకు?

కామేశ్వరి: మీరు రాత్రిళ్ళు ఫ్రిజ్ తెరిచి, చేతికందిన గిన్నెలో వేలు పెట్టి నాకుతారు కాబట్టి.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

విశ్వనాథం: మరి గుజ్జు అసలు వద్దా? చేటలకి అలికేవాళ్ళు కదా, కాగితం, మెంతులు.

కామేశ్వరి: మంచి మాటన్నారు. అది పైపూతకి. అరకిలో పేపరు చింపి రెండు రోజులు నానబెట్టి, నీళ్ళు పిండి, నూరు గ్రాముల నానిన మెంతులతో కలిపి రుబ్బితే వెన్నలా వస్తుంది. మెంతుల జిగురే పట్టుకుంటుంది, చేదుకి పురుగు రాదు. కొండకి అందులో గుప్పెడు చాలు, రాళ్ళలా అక్కడక్కడా పల్చగా అద్దుదాం. మిగిలింది బుట్ట చేద్దాం, పసుపూ కుంకుమ పెట్టడానికి.

విశ్వనాథం: గిన్నె బోర్లించి పైన పుయ్యనా?

కామేశ్వరి: బోర్లిస్తే అది ఆరుతూ కుంచించుకుని గిన్నెని బిగించేస్తుంది. ఊడదు, లేదా పగులుతుంది. బోర్లించాలంటే నూనె రాసి మీద పాలిథిన్ కప్పాలి. గిన్నె లోపల పూస్తే హాయి, ఆరేకొద్దీ గోడల్నించి తనే విడిపోతుంది. పావు అంగుళం మందం. మొదటి రోజు నీడన, రెండో రోజు నించి ఎండలో. మీకున్న తొందరకి మొదటిరోజే ఎండలో పెడతారు, పైపొర ముందే ముడుచుకుని బీటలిస్తుంది. మిక్సీలో మాత్రం...

విశ్వనాథం: పచ్చడి జారు ముట్టుకోను.

కామేశ్వరి: ముట్టుకుంటే మీకు పచ్చడి ఉండదు.

విశ్వనాథం: రంగుకి ఆ స్ప్రే డబ్బా మిగిలింది కదా, కొండకి కొట్టెయ్యనా? పోయినేడు థర్మాకోల్ గోపురాన్ని కరిగించింది, కాగితాన్ని కరిగించదుగా.

కామేశ్వరి: కరిగించదు, కానీ అచ్చు అక్షరాలు కనపడుతూనే ఉంటాయి. దుర్గమ్మ కొండ మీద సిమెంటు ప్రకటన కనపడాలా? రెండు చెంచాల సుద్దపొడి, చెంచా ఫెవికాల్, చెంచా నీళ్ళు. ఆ పూత రెండుసార్లు, తరవాతే రంగు. కొండపల్లి వాళ్ళు కూడా బొమ్మకి ముందు సుద్దే పూస్తారు.

విశ్వనాథం: కొండపల్లి అంటే గుర్తొచ్చింది. అంబారీ ఏనుగు మీద మావటివాడి చెయ్యి ఊడింది. ఫెవిక్విక్ చుక్క వేస్తే...

కామేశ్వరి: విరిగినచోట పెచ్చు లేచిపోయింది, సందుంది. ఆ చుక్క రెండు ముఖాలూ అతికినట్టు కూర్చుంటేనే పట్టుకుంటుంది. దీనికి మక్కు కావాలి. చింతగింజలు వేయించి, పొట్టు కొట్టేసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, సన్నమంట మీద ఉడికించి, జల్లించిన రంపపు పొట్టు కలుపుతారు. అది సందు నింపుతుంది, గట్టిపడుతుంది, ఉప్పుకాగితంతో రుద్దితే నున్నబడుతుంది. చింతగింజలు డబ్బాలో ఉన్నాయి. పొట్టు మీరు కొట్టండి.

విశ్వనాథం: నేనా? నాకు బ్యారేజీ పనుంది!

(నాలుగు రోజుల తర్వాత. పద్నాలుగు గేట్లూ లేస్తున్నాయి, దిగుతున్నాయి. పదకొండోది మాత్రం చిటికెన వేలితో తట్టాలి. విశ్వనాథం బల్ల మీద ఉన్న కొండ చుట్టూ తిరుగుతున్నాడు.)

విశ్వనాథం: సుద్ద పూసెయ్యనా? ఆరిపోయింది. పైన గట్టిగా ఉంది.

కామేశ్వరి: (వంటింట్లోంచి) వేలితో నొక్కకండి, గుంట పడుతుంది! లోపల తడి ఉంటే తాకితే చల్లగా ఉంటుంది. చెంప ఆనించి చూడండి.

(విశ్వనాథం కళ్ళజోడు తీసి, వంగి, ఇంద్రకీలాద్రికి భక్తిగా చెంప ఆనించాడు.)

విశ్వనాథం: హాయిగా, చల్లగా ఉందే.

కామేశ్వరి: అయితే ఇంకో రెండు రోజులు. ఫ్యాను కింద పెట్టి, అడుగు పలక ఎత్తి రెండు ఇటుకల మీద ఉంచండి, కిందినించి కూడా గాలి తగలాలి. (బయటికొచ్చి చూసి) ముందు మొహం కడుక్కోండి. మెంతుల గుజ్జు అంటింది, ఆరితే ఊడదు.