పింగ్ వస్తోంది సరే, పని జరుగుతోందా?

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, లాడ్జీల్లో నెట్‌వర్క్ చూసుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: పింగ్ (‘ఉన్నావా?’ అని ఇంకో యంత్రానికి పంపే చిన్న పలకరింపు) వస్తోందంటే నెట్‌వర్క్ బాగున్నట్టే. స్పీడ్ టెస్ట్‌లో ప్లాన్ స్పీడ్ వస్తే ఇంకేం వెతకక్కర్లేదు, అయినా స్లోగా ఉంటే ప్లాన్ పెంచుకోండి. లైను వాడకం గ్రాఫ్ 30 శాతం దాటకపోతే లైన్లో రద్దీ లేనట్టే. రెండు కంపెనీల లైన్లుంటే నెట్ పోదు. వీల్యాన్లు (ఒకే నెట్‌వర్క్‌ను విడివిడి భాగాలు చేయడం), ఆటోమేషన్ తలనొప్పి, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టి ముట్టుకోకుండా వదిలేయండి, ఫేస్‌బుక్ ఆగిపోయినప్పుడు ఏమైందో చూశారుగా. మానిటరింగ్ అనేది లక్షలున్న కంపెనీల సోకు.

పొట్టిగా, ధీమాగా ఉంది కాబట్టి జనం నమ్ముతున్నారు. ఇందులో ఒక్క ముక్క కూడా పూర్తిగా నిలబడదు.

“పింగ్ వస్తే బాగున్నట్టే”

విండోస్‌లో మామూలుగా పింగ్ కొడితే వెళ్లేది 32 బైట్ల డేటా. మీ ఓపీ కౌంటర్ సాఫ్ట్‌వేర్, పరీక్షల పోర్టల్ పంపేవి 1500 బైట్ల దాకా ఉండే ప్యాకెట్లు (డేటా ముక్కలు). చిన్నది దూరినంత మాత్రాన పెద్దది దూరుతుందని లేదు. పీపీపీఓఈ కనెక్షన్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ప్రొవైడర్‌కి కలిపే పద్ధతి) 8 బైట్లు తినేస్తుంది, అంటే పట్టేది 1492 మాత్రమే. జీఆర్ఈ టన్నెల్ (ఒక ప్యాకెట్‌ను ఇంకోదాంట్లో చుట్టి పంపే దారి) వేస్తే ఇంకో 24 పోతాయి. ప్యాకెట్ పట్టనప్పుడు దారిలోని రూటర్ ‘చిన్నది చేసి పంపు’ అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ పరికరాలు కబుర్లు చెప్పుకునే పద్ధతి, పింగ్ కూడా ఇందులోదే) కబురు పంపాలి. ‘సెక్యూరిటీ’ పేరుతో ఫైర్‌వాల్లో పింగ్ తప్ప మిగతా ఐసీఎంపీ అంతా ఆపేసినచోట ఆ కబురు చేరదు. అప్పుడు లాగిన్ పేజీ వస్తుంది, లాగిన్ అయ్యాక తెర తెల్లగా నిలబడిపోతుంది. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి. పింగ్ మాత్రం నిక్షేపంగా వస్తుంది.

పరీక్షించడం కష్టం కాదు. పింగ్ కమాండ్‌కి ‘మైనస్ ఎఫ్’ (ముక్కలు చేయొద్దు), ‘మైనస్ ఎల్ 1472’ (సైజు) జోడించండి. 1472కి ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిస్తే 1500. పీపీపీఓఈ లైన్లో ఇది పోదు, 1464 దగ్గర పోవాలి. పోనప్పుడు ‘ఫ్రాగ్మెంట్ (ముక్కలు) చేయాలి’ అన్న జవాబు వస్తే కబురు చేరుతున్నట్టే. జవాబేమీ లేకుండా టైమవుట్ అయి, సైజు తగ్గించగానే పోతే, ఆ కబురును ఎవరో మింగేస్తున్నారు. ఫైర్‌వాల్లో ఆ కబురును, అంటే ఐసీఎంపీ టైప్ 3, కోడ్ 4ని, రానివ్వండి. పీపీపీఓఈ అయితే రూటర్లో టీసీపీ (డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) ఎంఎస్ఎస్‌ను, అంటే ఒక ప్యాకెట్‌లో పెట్టే అసలు డేటా హద్దును, 1452కి బిగించండి.

డూప్లెక్స్ తేడా ఇంకో రకం: ఫుల్ అంటే ఒకేసారి రెండు దిశల్లో పంపడం, హాఫ్ అంటే ఒకసారి ఒక దిశలోనే. ఒకవైపు పోర్టును 100 ఫుల్ అని చేత్తో పెట్టి, రెండోవైపు ఆటోలో వదిలితే ఆటో వైపు హాఫ్‌కి పడిపోతుంది. ఒక్కొక్కటిగా వెళ్లే పింగ్‌కి ఢీకొనే అవసరమే రాదు. పెద్ద ఫైలు కాపీ మొదలెట్టగానే లైను చతికిలబడుతుంది. స్విచ్ కౌంటర్లు చూస్తే హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా ఢీకొన్నవి), ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (చెడిపోయి చేరినవి) పెరుగుతూ కనిపిస్తాయి. రెండు వైపులా ఆటో పెడితే సరి.

తిరగేసిన తప్పు కూడా ఉంది. ట్రేస్‌రూట్‌లో (దారిలోని రూటర్లను వరసగా చూపేది) మధ్య హాప్ (దారిలో ఒక రూటర్) దగ్గర 40 శాతం లాస్ (పోయిన ప్యాకెట్లు) కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసి ప్రొవైడర్‌కి పంపేస్తారు. తనకొచ్చే పింగ్‌లకు జవాబివ్వడం రూటర్‌కి ఆఖరి పని, అందుకే పరిమితి పెట్టుకుంటుంది. ఆ తర్వాతి హాప్‌లలో లాస్ లేకపోతే అక్కడ రోగమేమీ లేదు. లాస్ ఒకచోట మొదలై చివరి హాప్ దాకా కొనసాగితేనే ఫిర్యాదు చేయండి.

“స్పీడ్ టెస్ట్ చాలు”

స్పీడ్ టెస్ట్ సర్వర్ చాలాసార్లు మీ ప్రొవైడర్ ఇంట్లోనే ఉంటుంది. పైగా ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి కొద్దిపాటి లాస్ అందులో దాక్కుంటుంది. అదే ఒక్క కనెక్షన్‌తో ఫైలు పంపితే సంగతి బయటపడుతుంది. పాత తరహా టీసీపీకి ఉన్న లెక్క ప్రకారం 30 మిల్లీసెకన్ల ఆలస్యం, 1 శాతం లాస్, 1460 బైట్ల సెగ్మెంటు ఉన్న దారిలో ఒక కనెక్షన్‌కి దక్కేది 5 ఎంబీపీఎస్ లోపే. ప్లాన్ 100 నుంచి 500కి పెంచినా అది అంతే. లాస్‌ను 0.01 శాతానికి దించితే అదే లెక్కలో పది రెట్లు వస్తుంది. డబ్బు పెట్టాల్సింది ప్లాన్ మీద కాదు, ఆ లాస్ ఎక్కడుందో పట్టుకోవడం మీద.

ముందు సొంత ఇల్లు చూసుకోవాలి. సర్వర్ గదిలో ఒక లాప్‌టాప్, ఫిర్యాదు వచ్చిన గదిలో ఇంకొకటి పెట్టి ఐపెర్ఫ్3 (రెండు యంత్రాల మధ్య స్పీడు కొలిచే ప్రోగ్రామ్) నడపండి, తర్వాత ‘మైనస్ క్యాపిటల్ ఆర్’తో తిరుగుదిశలో. గిగాబిట్ లైన్లో 940 ఎంబీపీఎస్ దగ్గర రావాలి. 94 వస్తే లింక్ 100కి దిగిపోయింది. గిగాబిట్‌కి కేబుల్లోని నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. ఎలుక కొరికినా, క్రింపింగ్ సరిగా లేకున్నా లైటు వెలుగుతూనే ఉంటుంది, స్పీడు మాత్రం పదో వంతు.

“గ్రాఫ్ 30 దాటలేదు”

ఆ గ్రాఫ్‌లో ఒక్కో చుక్క ఐదు నిమిషాల సగటు. 300 మెగాబైట్ల సీటీ స్కాన్ 100 ఎంబీపీఎస్ అప్‌లింక్‌లో బయటికి వెళ్తే లైను 24 సెకన్లు నిండుగా ఉంటుంది. ఆ సమయంలో ఓపీ చీటీ ప్రింటు కాదు. గ్రాఫ్‌లో పడేది 8 శాతం. శాతంతోపాటు ఆ పోర్టు అవుట్‌పుట్ డిస్కార్డ్ కౌంటర్‌ని (పంపలేక పారేసిన ప్యాకెట్ల లెక్క) కూడా గీయండి. 32 బిట్ల బైట్ కౌంటర్ గిగాబిట్ పోర్టులో నిండుగా నడిస్తే 34 సెకన్లకే సున్నాకి తిరుగుతుంది. ఐదు నిమిషాలకోసారి అడిగితే వచ్చే అంకె అబద్ధం. హెచ్‌సీ అని పేరున్న 64 బిట్ల కౌంటర్లనే వాడాలి.

“రెండు లైన్లుంటే నెట్ పోదు”

రెండు కంపెనీలు, రెండు బిల్లులు, ఒకే స్తంభం. లేదా రెండోది మొదటిదాని ఫైబర్‌నే అద్దెకు తీసుకుని ఉంటుంది. రోడ్డు పక్కన జేసీబీ ఒక్క దెబ్బ వేస్తే రెండూ పోతాయి. సంతకం పెట్టే ముందు దారి అడగండి: ఒకటి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై వైపు, రెండోది చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు వైపు వెళ్తుందా? ఊళ్లో ఏ వీధిలోంచి లోపలికి వస్తుంది? కాగితం మీద రాయించుకోండి.

దారులు వేరైనా మారడం తెలియాలి కదా. బయట ఫైబర్ తెగినా రూటర్‌కీ ఓఎన్‌టీకీ (ఫైబర్ వచ్చి దిగే పెట్టె) మధ్య ఉన్న రాగి కేబుల్ బతికే ఉంటుంది, పోర్టు లైటు పచ్చగానే ఉంటుంది, రూటర్ కదలదు. అందుకే బయట ఉన్న రెండు వేర్వేరు చిరునామాలను చూసి, రెండూ అందకపోతేనే మారేలా పెట్టాలి. మారాక కూడా ‘నెట్ లేదు’ అంటారు. కంప్యూటర్లలో మొదటి కంపెనీ డీఎన్ఎస్ (సైటు పేరుకి చిరునామా చెప్పే సర్వర్) ఉంటుంది, వేరే కంపెనీ లైన్లోంచి వచ్చే ప్రశ్నలకు అది చాలాసార్లు జవాబివ్వదు. మీ ఐపీ చిరునామాను నమోదు చేసుకున్న పోర్టళ్లు కొత్త ఐపీని రానివ్వవు. రెండు ఓఎన్‌టీలూ ఒకే యూపీఎస్ ప్లగ్గులో ఉండటం మరీ మామూలు. నెలకోసారి పని తక్కువున్న వేళ ఫైబర్ పీకి చూడండి. రాగి కేబుల్ పీకితే అసలు పరీక్ష జరిగినట్టు కాదు.

“అన్నీ ఒకటే నెట్‌వర్క్, ముట్టుకోవద్దు”

హాస్టల్లో ఒక కుర్రాడు ఇంటి వైఫై రూటర్ తెచ్చి ల్యాన్ పోర్టుకి తగిలిస్తాడు. దాని డీహెచ్‌సీపీ క్యాంపస్ అంతటికీ ఐపీలు పంచడం మొదలెడుతుంది. అకౌంట్స్ సెక్షన్‌కి ఆ రూటరే గేట్‌వే (బయటికి పోయే ద్వారం) అవుతుంది. ఇంకొకరు ఒకే స్విచ్‌లో కేబుల్ రెండు కొసలూ పెడతారు, బ్రాడ్‌కాస్ట్ తుపానులో (అందరికీ పంపే ప్యాకెట్లు ఆగకుండా తిరుగుతూ పెరగడం) సీసీ కెమెరాలూ ఫోన్లూ కలిసి మునుగుతాయి. ఒకే నెట్‌వర్క్ అంటే అందరి తప్పులకూ అందరూ బాధ్యులు.

సులువు కావాలంటే అన్నిచోట్లా ఒకే పద్ధతి పెట్టండి. ఏ భవనంలోనైనా వీల్యాన్ 10 ఆఫీసు, 20 ల్యాబ్, 30 హాస్టల్, 40 కెమెరాలు. 24వ పోర్టు ఎప్పుడూ అప్‌లింకే. డీహెచ్‌సీపీ స్నూపింగ్‌లో (దొంగ డీహెచ్‌సీపీని ఆపేది) నమ్మకం దానికొక్కదానికే, మిగతా పోర్టుల్లో బీపీడీయూ గార్డ్ (ఇంకో స్విచ్ తగిలిస్తే పోర్టు మూసేది), స్టార్మ్ కంట్రోల్ (తుపానుకి హద్దు పెట్టేది). ఒక టెంప్లేట్ రాస్తే యాన్సిబుల్ అనే ఆటోమేషన్ ప్రోగ్రామ్ దాన్ని నలభై స్విచ్‌లకూ పెడుతుంది. ముందు ఒక్క స్విచ్‌లో, తర్వాత ఒక భవనంలో, ఆ తర్వాతే మిగతావాటిలో. రాత్రికోసారి ఆక్సిడైజ్డ్ అనే ప్రోగ్రామ్‌తో కాన్ఫిగరేషన్ దాచుకుంటే నిన్నటికీ ఇవాళ్టికీ ఏ లైను మారిందో తెలుస్తుంది. దూరం నుంచి మార్చేటప్పుడు, తప్పు జరిగితే దానంతటదే పాతదానికి తిరిగేలా జూనిపర్‌లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’, సిస్కోలో ‘రీలోడ్ ఇన్ 10’ పెట్టుకోండి. రెండోది సేవ్ చేయకముందే సుమా, పని బాగా జరిగాక రద్దు చేయడం మరిచిపోవద్దు.

ఇక ఫేస్‌బుక్. 2021 అక్టోబర్ 4న జరిగింది వాళ్ల ఇంజనీర్లే వివరించారు. మెయింటెనెన్స్‌లో భాగంగా బ్యాక్‌బోన్ (డేటా సెంటర్లను కలిపే సొంత లైన్లు) సామర్థ్యం అంచనా వేయడానికి ఇచ్చిన ఒక కమాండ్ మొత్తం బ్యాక్‌బోన్‌నే పడేసింది. అలాంటి కమాండ్లను ఆపాల్సిన తనిఖీ పరికరంలో లోపం ఉండి ఆపలేదు. డేటా సెంటర్లు అందకపోవడంతో డీఎన్ఎస్ సర్వర్లు తమ బీజీపీ ప్రకటనలు (మా దగ్గరికి దారి ఇదీ అని ఇంటర్నెట్‌కి చెప్పేవి) వెనక్కి తీసుకున్నాయి. బాగుచేసే పరికరాలు కూడా ఆ డీఎన్ఎస్ మీదే ఆధారపడ్డాయి. మొత్తం బ్యాక్‌బోన్ పోతే ఏమవుతుందన్న డ్రిల్లు అంతకుముందు చేయలేదని వాళ్లే రాశారు. తనిఖీ సరిగా చేయని తప్పును పట్టుకొచ్చి ఆటోమేషనే వద్దనడం ఏం న్యాయం?

“మానిటరింగ్ లక్షలున్నవాళ్లకి”

లిబ్రెఎన్ఎంఎస్, జాబిక్స్, స్మోక్‌పింగ్ అనే మానిటరింగ్ ప్రోగ్రాములు ఉచితం. యాభై స్విచ్‌లకు ఒక పాత డెస్క్‌టాప్ చాలు. స్మోక్‌పింగ్ మామూలుగా ఐదు నిమిషాలకోసారి 20 పింగ్‌లు పంపి ఆలస్యం ఎంత చెదిరిందో, ఎన్ని పోయాయో గీస్తుంది. ఫైబర్ మాడ్యూల్ చెప్పే రిసీవ్ పవర్‌ని కూడా గీయండి. 3 డీబీ తగ్గిందంటే వెలుతురు సగమైనట్టు. లింక్ పడకముందే కనెక్టర్ తుడవడానికి సమయం దొరుకుతుంది. లాగ్‌లను (స్విచ్ రాసుకునే చిట్టా) సిస్‌లాగ్‌తో వేరే యంత్రానికి పంపండి, చాలా స్విచ్‌లలో రీస్టార్ట్ చేస్తే మెమరీలోవి తుడిచిపెట్టుకుపోతాయి. అన్నిటి గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా టైము సరిచేసే పద్ధతి) ఒకటే చేయండి.

అలర్టుల్లో ఏది దేని వెనక ఉందో చెప్పి పెట్టకపోతే కోర్ స్విచ్ (మిగతావన్నీ కలిసే ప్రధాన స్విచ్) పడినప్పుడు ఫోన్‌కి నలభై మెసేజ్‌లు వస్తాయి, అసలుది వాటి కింద ఉంటుంది. ఇంకోటి, ‘లైన్ పోయింది’ అన్న మెసేజ్ ఆ పోయిన లైన్లోంచే వెళ్లాలని పెట్టుకుంటున్నారు చాలామంది. ఆ డెస్క్‌టాప్‌కి ఒక 4జీ డాంగిల్ తగిలించి, అలర్టులు దానిలోంచి పోయేలా రూటు పెట్టండి, సిమ్ రీఛార్జి గడువు గోడ మీద రాసి ఉంచండి.