మా చిన్నాన్న టీఎంసీ పాఠం

పేపర్లో టీఎంసీ, క్యూసెక్కు లాంటి నీటి కొలతల మాటలు కనిపిస్తే చాలు, మా చిన్నాన్న వాటిని పక్కనోళ్లకు అర్థమయ్యేదాకా వదలడు. ఇరిగేషన్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు కానీ ఆయన లెక్కలు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉన్నాయి.

అనంతపురంలో మా సందుకు రోజు మార్చి రోజు నీళ్లు. ఆదివారం పొద్దున కూడా వీధి కొళాయి కాడ బిందెలన్నీ వరసగా పెట్టేసి, ఎట్లాగూ నీళ్లు గంట లేటే కదా అని జనమంతా మా అరుగు మీద చేరారు. చేతిలో ఉగ్గాని బజ్జీ పొట్లాలు. ఇంకేం, చిన్నాన్నకు క్లాసు దొరికింది.

"తుంగభద్ర హైలెవల్ కాలువ కింద మన వాటా 32.5 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు."

ఎవరి ముఖంలోనూ ఏ మార్పూ లేదు. పక్కింటి సుబ్బక్కత్త బజ్జీ నములుతూ, "బిందెల్లో చెప్పప్పా" అంది.

ఆ దెబ్బకు మనిషి లేచి లోపలికి పోయి, పెన్నూ పాత క్యాలెండరూ తెచ్చుకుని దాని వెనకాల లెక్క వేశాడు. బిందెకు 15 లీటర్లు వేసుకుంటే ఒక్క టీఎంసీకి 188 కోట్ల బిందెలు, పైన ఇంకాస్త. సుబ్బక్కత్త నోరు తెరిచి, "మరి నాకు నాలుగు బిందెలు రావడానికి ఏం రోగం?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. అసెంబ్లీలో కూడా ఇంత సూటిగా అడగరు.

"అత్తా, కట్టినప్పుడు ఆ తుంగభద్ర డ్యాం 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లరకు వచ్చింది. కాగితం మీద వాటా 32.5 అయినా, ఉన్న నీళ్లను బట్టి ఏటా తుంగభద్ర బోర్డు వాళ్లు అందరికీ కోత వేసి పంచుతారు."

"ఆ మట్టి తీసేయొచ్చు కదా?"

"తీసి యాడ పోయాల?"

"బైపాసు కాడ మా సైటు పల్లంగా ఉంది, అక్కడ పోయించు. ట్రాక్టరు బాడుగ మాత్రం నేనియ్యను."

చిన్నాన్న కాసేపు నెత్తి గోక్కుని, ఇట్లా కాదని బచావత్ ట్రిబ్యునల్‌లోకి దిగాడు. 1969లో వేశారు, కృష్ణా నీళ్లను రాష్ట్రాల మధ్య పంచింది, తుంగభద్ర కూడా అందులోదే అని మొదలుపెట్టి, జనానికి ఎక్కాలని ఒక పోలిక తెచ్చాడు. "పైచేను అన్నది, కిందిచేను తమ్ముడిది, ఇద్దరికీ ఒకటే బోరు అనుకోండి. అన్న ముందే తోడేసుకుంటే తమ్ముడి గతేం కావాల?"

ఎదురింటి అన్నదమ్ములిద్దరూ అక్కడే ఉన్నారు. ఒక బోరు మీద వాళ్లకు కోర్టులో కేసు నడుస్తాంది.

"యో, ఎవర్ని గురించి చెప్తాండావు నువ్వు?" అని అన్న లేచాడు. "ఉన్నదే కదా చెప్పినాడు" అని తమ్ముడు లేచాడు. ఆ తర్వాత మాటల్లో నీళ్ల ప్రస్తావన లేదు, అత్తగారి నగలూ, పెళ్లినాటి ఖర్చులూ, ఎవరో తినేసిన వేరుశనగ ఇన్సూరెన్సూ వచ్చాయి. సందంతా రెండు రాష్ట్రాలైపోయింది.

వాళ్లను చల్లార్చడానికి చిన్నాన్న తుంగభద్ర డ్యాం 19వ గేటు కథ ఎత్తుకున్నాడు. ఇది మాత్రం ఆయన బ్రహ్మాండంగా చెప్తాడు, ఒప్పుకోవాల. 2024 ఆగస్టులో రాత్రిపూట గొలుసు తెగి, 33 గేట్లలో ఒకటి వరదలో కొట్టుకుపోవడం, డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు ఆ పెద్ద వయసులో డ్యాం ఉన్న హోస్పేటకు పోయి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్, అంటే గేటుకు బదులు అడ్డంగా పెట్టే ఇనప పలకలు, దింపించి వారం లోపే అడ్డుకట్ట వేయించడం. అన్నదమ్ములు కూడా నోరు మూసుకుని విన్నారు.

సరిగ్గా అప్పుడే సుబ్బక్కత్త మనవడు పరుగెత్తుకుంటూ వచ్చి అరిచాడు. "నీళ్లు పోతాండాయి! నీళ్లు పోతాండాయి!"

"అదే నాయనా నేనూ చెప్తాండేది," అన్నాడు చిన్నాన్న మురిసిపోతూ, "మన కండ్ల ముందే టీఎంసీలకు టీఎంసీలు పోయినాయి..."

"డ్యాంలో కాదు తాతా, కొళాయిలో!"

ఏనాడూ టైముకు రాని నీళ్లు ఆరోజే టైముకొచ్చాయి. మేం పోయేసరికి వరసలో మొదటి బిందె ఒక్కటి నిండి, మిగతాదంతా మోరీలోకి పారి, కొళాయి ఆఖరి గుటక మింగుతాంది. వెనక బిందెలన్నీ ఖాళీ. ఆ మొదటి బిందె చిన్నమ్మది కావడంతో గొడవ ఇంకో మెట్టెక్కింది. ఇదంతా ప్లాన్ అన్నారు.

పంచాయితీ జరిగి, ట్యాంకరు చిన్నాన్నే తెప్పించాలని తీర్పయింది. ఈ తీర్పు మీద అప్పీలు లేదు. మధ్యాహ్నానికి ట్యాంకరొచ్చింది, పైపు సుబ్బక్కత్త చేతిలో ఉంది. డ్రైవరు ఊరికే ఉండకుండా, "ఏం సార్, ఇంత గొడవ?" అని అడిగాడు.

"నీ ట్యాంకరెంత?"

"ఐదువేల లీటర్లు సార్."

చిన్నాన్న కళ్లు మెరిశాయి. క్యాలెండరు ఇంకా చంకలోనే ఉంది. "ఇట్లాంటివి 56 లక్షల ట్యాంకర్లు వరసగా నిలబెడితే గానీ ఒక టీఎంసీ..."

"ముందు ఈ ఒక్కదానికి డబ్బులియ్యి" అని లోపల్నుంచి చిన్నమ్మ కేక.