కుర్చీకి తగ్గ టవలు

1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లపాటు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆఫీసులు డేరాల్లో నడిచాయి. కుర్చీ ఎవరిదన్న గొడవే తప్ప అది ఎలా ఉండాలని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు మాత్రం ఆ కాలపు కాంక్రీటు ఆఫీసు ఏదైనా వారసత్వ కట్టడం అనిపించుకుంటే చాలు, దానికి తగ్గ ఆధునిక కుర్చీ కావాలంటారు. కావాల్సిందే మరి.

పని మొదలయ్యేది పాత కుర్చీలను తుక్కుకు వేయడంతో. చండీగఢ్ చేసిందదే. స్విస్ వాస్తుశిల్పి పియెర్ జానరే ఆ ఊరికోసం టేకు, పేముతో రూపొందించిన కుర్చీలు మూలన పడి, కట్టెల లెక్కన అమ్ముడుపోయి, ఆనక విదేశీ వేలాల్లో లక్షలు పలికాయి. వీపు వెనక తెల్లపెయింటుతో రాసిన శాఖ పేరూ నంబరూ ఉంటే వాటికి గిరాకీ ఇంకా ఎక్కువ. కాబట్టి మన స్టోరు గుమాస్తాలు వంకర అక్షరాలతో నంబరు రాస్తుంటే విసుక్కోకండి. అది పెట్టుబడి.

ఇక కొలతలు. కూర్చునే చోటు నేలకు 43 సెం.మీ. ఎత్తు, 42 లోతు. వెనక్కి కొంచెం వాలుండాలి, వీపు 100 నుంచి 105 డిగ్రీలు. చేతులు సీటుపైన 22, అంటే నేలనుంచి 65. టేబులు ఎత్తు 75, అందులో సొరుగుకు 12 పోతే మిగిలేది 63. ఈ 2 సెం.మీ. గురించి ఏ కమిటీలోనూ చర్చ రాదు. కుర్చీ లోపలికి పోదు, తోసినప్పుడల్లా చేతుల అంచులు చిట్లుతాయి. ఆరునెలల్లో దానికి పురాతన శోభ వస్తుంది.

అన్నం తిన్నాక సక్లంముక్లం వేసుక్కూర్చునే అధికారికి చేతుల మధ్య 50 అయినా ఉండాలి. డ్రాయింగులో ఆయన ఎప్పుడూ నిటారుగానే కూర్చుని ఉంటాడు.

కొయ్య చేవ టేకే కావాలి, తేమ 10-12 శాతం మించకూడదు. ఎల్-1 టెండరులో, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడికి పని దక్కే పద్ధతిలో, వచ్చేది పచ్చికొయ్య. ఏప్రిల్ ఎండకు అది కుంచించుకుపోతుంది, కాలి చివర చెక్కిన నాలుక బెజ్జంలో వదులైపోతుంది, కుర్చీ కిర్రుమంటుంది. అప్పుడు మేకు కొడతారు, మేకు దగ్గర కొయ్య పగులుతుంది. పేముదీ అదే కథ. నానబెట్టి అల్లితే ఆరాక బిగుస్తుంది, మన పొడి ఎండకు ఇంకా ఆరి పెళుసెక్కి తెగుతుంది. అప్పుడప్పుడూ కుర్చీని బోర్లించి అడుగువైపు తడిబట్టతో తుడిస్తే సరి, ఎందుకంటే నున్నటి పైభాగం నీళ్లు పీల్చదు. ఈ పని అటెండరు డ్యూటీల్లో లేదు, కాబట్టి రెండో వేసవికల్లా పేము తీసేసి స్పాంజి, రెగ్జిను వేస్తారు. ఆ స్పాంజీ ఎల్-1దే.

నేల బేతంచెర్ల నాపరాయి. అతుకుల దగ్గర బండకూ బండకూ రెండుమూడు మిల్లీమీటర్ల తేడా, నాలుగు కాళ్లూ ఒక్కసారి ఆనవు. ఒక కాలికి తిప్పే స్క్రూ బుష్ పెడితే తీరిపోతుంది. కానీ భవనం ఆత్మ దెబ్బతింటుందని కాబోలు, మెమో కాగితాన్ని నాలుగు మడతలేసి కాలికింద దోపుతారు.

అసలు డిజైను సమస్య టవలు. ఫిన్లాండులో ఆల్వార్ ఆల్టో అనే వాస్తుశిల్పి క్షయరోగులకు ఊపిరి బాగా ఆడాలని కుర్చీ వీపు కోణం చూసుకున్నాడు. ఇక్కడ చూసుకోవాల్సింది 75 సెం.మీ. వెడల్పు తెల్ల టర్కీ టవలు జారకుండా ఎలా నిలబడుతుందన్నది. వీపు పై అంచు గుండ్రంగా, నున్నగా ఉంటే అధికారి లేచిన ప్రతిసారీ టవలు నేలమీద. అంచు వెనకవైపు చిన్న గాడి తీయించండి. పేము అల్లికంతా దాని కింద దాక్కుంటుంది, అందుకే అల్లిక ఎలా ఉన్నా బిల్లు పాసవుతుంది.

అర్జీదారుడి కుర్చీ సంగతి అడుగుతారేమో. అది ఎప్పుడో డిజైనైపోయింది, వరండా మెట్టు. ఊగదు, తేమ గొడవ లేదు, నంబరు అక్కర్లేదు. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ పడుతుంది, అంతే.