మిథైల్ ఉంటే ఏ ఎంజైమూ కట్ చేయదా?

క్లోనింగ్ నేర్చుకునేవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది: "డీఎన్ఏ మీద మిథైల్ ఉంటే రెస్ట్రిక్షన్ ఎంజైమ్ కట్ చేయదు. డీహెచ్5-ఆల్ఫాలో పెంచిన ప్లాస్మిడ్‌లో జీఏటీసీ ఉన్న సైట్లేవీ పనికిరావు. అందుకే ప్లాస్మిడ్లన్నీ డ్యామ్-మైనస్ స్ట్రెయిన్‌లోనే పెంచుకోండి." (మిథైల్ అంటే డీఎన్ఏ బేస్‌కి అంటుకునే చిన్న రసాయన గుర్తు. రెస్ట్రిక్షన్ ఎంజైమ్ అంటే డీఎన్ఏలో ఒక నిర్దిష్ట బేస్‌ల వరసను, అంటే సైటును, గుర్తుపట్టి కట్ చేసేది; జీఏటీసీ అలాంటి వరసే. ప్లాస్మిడ్ బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏ, డీహెచ్5-ఆల్ఫా దాన్ని పెంచే బ్యాక్టీరియా స్ట్రెయిన్. డ్యామ్-మైనస్ అంటే మిథైల్ పెట్టే డ్యామ్ ఎంజైమ్ లేని స్ట్రెయిన్.) మొదటి మాట సగం నిజం. రెండోది తప్పు. మూడోది పాటిస్తే పని చెడుతుంది.

"మిథైల్ ఉంటే కట్ చేయదు"

ఏ బేస్ మీద మిథైల్, ఏ ఎంజైమ్ అన్నది చెప్పకపోతే ఈ మాటకు అర్థమే లేదు. డీహెచ్5-ఆల్ఫా లాంటి ఈ.కోలి కె-12 స్ట్రెయిన్లలో డ్యామ్ ఎంజైమ్ జీఏటీసీలోని అడినిన్ మీద మిథైల్ పెడుతుంది. డీసీఎమ్ ఎంజైమ్ సీసీఏజీజీ, సీసీటీజీజీలలో రెండో సైటోసిన్ మీద పెడుతుంది. ఇప్పుడు జీఏటీసీనే గుర్తుపట్టే మూడు ఎంజైములు చూడండి. డ్యామ్ మిథైల్ ఉంటే ఎమ్‌బో-1 ఆగిపోతుంది. సా3ఏ-1 దాన్ని పట్టించుకోదు. డీపీఎన్-1 అయితే మిథైల్ ఉంటేనే కట్ చేస్తుంది. సైట్-డైరెక్టెడ్ మ్యుటాజెనెసిస్‌లో (డీఎన్ఏలో కావాలని ఒకచోట మార్పు చేయడం) పీసీఆర్‌తో ట్యూబులో కాపీలు తీశాక, బ్యాక్టీరియా నుంచి వచ్చి మిథైల్ ఉన్న పాత టెంప్లేట్‌ను (మూల డీఎన్ఏను) తీసేయడానికి డీపీఎన్-1 వేసేది అందుకే.

"జీఏటీసీ ఉంటే సైటు దండగ"

బామ్‌హెచ్-1 సైటు జీజీఏటీసీసీ. మధ్యలో జీఏటీసీ ఉంది, అయినా డ్యామ్ మిథైల్ ఉన్న ప్లాస్మిడ్‌ను శుభ్రంగా కట్ చేస్తుంది. బీజీఎల్-2 కూడా అంతే. బీసీఎల్-1 (టీజీఏటీసీఏ) మాత్రం పూర్తిగా ఆగిపోతుంది. తేడా ఎంజైమ్ డీఎన్ఏను పట్టుకునే తీరులో ఉంది. మిథైల్ మేజర్ గ్రూవ్‌లోకి (డీఎన్ఏ మెలికలోని వెడల్పాటి గాడిలోకి) పొడుచుకొస్తుంది. ఎంజైమ్ అక్కడే తాకితే అడ్డం, లేకపోతే లేదు. బామ్‌హెచ్-1కి జోడీగా ఉండే మిథైలేజ్ (మిథైల్ పెట్టే ఎంజైమ్) తన సైటును కాపాడేది సైటోసిన్ మీద మిథైల్ పెట్టి, అడినిన్ మీద కాదు.

అసలు తిప్పలు పెట్టేది సైటులో జీఏటీసీ లేనట్టు కనిపించే ఎంజైములు. ఎక్స్‌బా-1 సైటు టీసీటీఏజీఏ. దాని ముందు జీఏ వచ్చినా, వెనక టీసీ వచ్చినా అంచులో జీఏటీసీ పుడుతుంది, కట్ ఆగిపోతుంది. చుట్టూ బేస్‌లు యాదృచ్ఛికంగా ఉన్నాయనుకుంటే దాదాపు ఎనిమిది సైట్లలో ఒకటి ఇలా పడుతుంది. ప్రైమర్‌లో (పీసీఆర్ మొదలుపెట్టడానికి ఆర్డర్ చేసే చిన్న డీఎన్ఏ ముక్కలో) ఈ తప్పు జరిగితే విచిత్రంగా ఉంటుంది: పీసీఆర్ ముక్క మీద మిథైల్ ఉండదు కాబట్టి ఎక్స్‌బా-1 చక్కగా కట్ చేస్తుంది, లైగేషన్ (ముక్కను ప్లాస్మిడ్‌లో అతికించడం) అవుతుంది, కాలనీలు వస్తాయి. డీహెచ్5-ఆల్ఫా నుంచి మినీప్రెప్ తీశాక (బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్‌ను వేరుచేశాక) కట్ చేస్తే ఇన్సర్ట్ (అతికించిన ముక్క) బయటికి రాదు. సీక్వెన్సింగ్‌కి పంపితే సైటు సరిగ్గానే ఉందని వస్తుంది, ఎందుకంటే మామూలు సాంగర్ రీడ్‌లో మిథైల్ కనిపించదు. పాపం, అప్పుడు తిట్లన్నీ ఎంజైమ్‌కే.

తేల్చుకోవడం సులువే. 500 నానోగ్రాముల ప్లాస్మిడ్ చొప్పున మూడు ట్యూబుల్లో 20 మైక్రోలీటర్ల రియాక్షన్లు పెట్టి, ఒకదాంట్లో ఎమ్‌బో-1, ఒకదాంట్లో సా3ఏ-1, ఒకదాంట్లో డీపీఎన్-1, దేని బఫర్ దానికి వేయండి. ఎంజైమ్ పరిమాణం 2 మైక్రోలీటర్లు దాటొద్దు, గ్లిసరాల్ ఎక్కువైతే కటింగ్ గతి తప్పుతుంది. సా3ఏ-1, డీపీఎన్-1 ముక్కలు చేసి ఎమ్‌బో-1 చేయకపోతే అది డ్యామ్ మిథైలేషన్. మూడూ కట్ చేయకపోతే ప్రెప్‌లో సాల్టో ఇథనాలో మిగిలిందేమో చూడండి.

"అన్నీ డ్యామ్-మైనస్‌లోనే పెంచుకోండి"

వద్దు. కొత్తగా కాపీ అయిన డీఎన్ఏ పోగులో తప్పు పడితే, మిస్‌మ్యాచ్ రిపేర్ దేన్ని సరిదిద్దాలో తెలుసుకునేది జీఏటీసీ మీది మిథైల్‌ను చూసే. డ్యామ్ లేకపోతే ఆ గుర్తు పోతుంది, మ్యుటేషన్లు పెరుగుతాయి. పైగా మిథైల్ ఉన్న ప్లాస్మిడ్ ఆ స్ట్రెయిన్లలోకి సరిగా ఎక్కదు. మామూలుగా 1 నానోగ్రాము వేసేచోట 50–100 వేయాల్సి వస్తుంది. అక్కడ పెంచిన ప్లాస్మిడ్‌ను మ్యుటాజెనెసిస్‌కి టెంప్లేట్‌గా వాడితే డీపీఎన్-1 దాన్ని ముట్టుకోదు, ప్లేటు నిండా పాత ప్లాస్మిడ్ కాలనీలే.

బీసీఎల్-1, అడ్డంపడిన ఎక్స్‌బా-1, క్లా-1 లాంటివాటికి మాత్రమే జేఎమ్110 లాంటి స్ట్రెయిన్‌లోకి ఒకసారి మార్చి, మినీప్రెప్ తీసి, కట్ చేసుకోండి. ఫ్రీజర్‌లో దాచుకునే గ్లిసరాల్ స్టాక్ డీహెచ్5-ఆల్ఫాలోనే ఉండనివ్వండి. బీఎల్21 వాడినా సరిపోతుందని కొందరంటారు. దాంట్లో లేనిది డీసీఎమ్ ఒక్కటే, డ్యామ్ ఉంది. ప్రైమర్ ఇంకా ఆర్డర్ చేయలేదా, టీసీటీఏజీఏ వెనక టీసీ రాకుండా ఒక బేస్ మార్చుకోండి, ఇదంతా అక్కర్లేదు.